నొక్కని చోటు

నొప్పి లేదని ఉన్నమాట చెప్పడమే ఆ పిల్ల చేసిన తప్పయిపోయింది.

డాక్టరు వెన్నెముక ఎక్స్‌రేలు రెండూ తెర మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి నిరుడు తీసింది, ఇంకొకటి ఆ ఉదయం తీసింది. నిరుటి దాంట్లో వెన్ను కాస్త పక్కకు ఒరిగి ఉంది, అంతే. కొత్తదాంట్లో ఆ ఒరుగుడు ముదిరి, ఒకవైపు పక్కటెముకలను కూడా తనతోపాటు మెలితిప్పుకుపోయింది. డాక్టరు పెన్ను కొసతో ఆ వంపు వెంట చూపిస్తూ పోతున్నాడు గాని, తల్లికి ఆ పెన్ను అక్కర్లేదు. ఆమె వంపులు చూసి బతికే మనిషి. వెన్ను వంకరపోయిన పిల్లలకు తొడిగే గట్టి ప్లాస్టిక్ బెల్టుల ఆకారాన్ని కంప్యూటరులో తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. ఇప్పుడు కూతురి ఒంటి మీదున్న బెల్టూ ఆమె చేతిలోంచి వచ్చిందే. గదిలో అడుగుపెట్టగానే తెర వైపు ఒక్కసారి చూసింది, కుర్చీ అంచున అలాగే కూలబడింది.

"బెల్టు పెట్టుకుంటున్నావా?" అని డాక్టరు పిల్లను అడిగాడు.

"పెట్టుకుంటున్నానండి. స్నానానికి తప్ప తియ్యను."

"ఇక్కడ, పక్కటెముకల దగ్గర, నొక్కేసినట్టుగా ఉంటోందా? నొప్పి?"

"లేదండీ. నొప్పేం లేదు." ఆ మాట అని, తల్లి వైపు తిరిగి చిన్నగా నవ్వింది కూడా.

డాక్టరు పెన్నుకు మూత పెట్టేశాడు. "చూశారా? బెల్టు పెట్టుకునే పిల్లలెవరూ నొప్పి లేదని చెప్పరు. పెట్టుకోనివాళ్లే చెప్తారు. మీకు తెలియంది కాదు."

"నేను పెట్టుకున్నానండి."

"మొక్కై వంగనిది మానై వంగదంటారు చూడమ్మా. ఎముక ఎదిగే రోజుల్లోనే బెల్టుతో పని జరిగేది. ఆ రోజులు నువ్వు చేతులారా పోగొట్టుకున్నావు." తర్వాత తల్లితో అన్నాడు. "ఇక ఆపరేషన్ తప్ప దారి లేదు. వెన్నుకు అటూ ఇటూ కడ్డీలు వేసి మరలు బిగిస్తాం. నడుస్తుంది, చదువుకుంటుంది, అన్నీ చేస్తుంది. నడుము మాత్రం ఇప్పటిలా వంగదు."

పిల్ల మళ్లీ నోరు తెరిచింది. "నేను నిజంగానే..."

"అబద్ధాలాడకే!" అంది తల్లి.

ఆ మాట గట్టిగానే వచ్చింది. బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు కూడా లోపలికి తొంగి చూశారు. పిల్ల నోరు మూసుకుంది. చొక్కా కిందికి లాక్కుని, కింద గట్టిగా తగిలే బెల్టు అంచును రెండు చేతులతో పట్టుకుని, దారి పొడుగునా అలాగే నడిచింది.

*

ఇంట్లో ఆ పిల్లను పిట్ట అంటారు. తినేది పిట్ట తిండి, ఉండేది పిట్టంత. పద్నాలుగేళ్లు వచ్చినా పిలుపు మారలేదు. బెల్టుకు పిట్టే ఒక పేరు పెట్టుకుంది, తాబేలు అని. "నా తాబేలేదీ?" అంటూ స్నానాలగదిలోంచి తడి జుట్టుతో వచ్చేది. అయితే వెంటనే తొడుక్కునేది కాదు. ఆ కాస్త వెసులుబాటులో హాలు మధ్యన నిలబడి, చేతులు పైకెత్తి, విల్లులా వెనక్కి వంగి అరచేతులు నేలకు ఆనించేది. తలకిందులుగా ఉన్న ముఖంతో, "అమ్మా, నువ్వు పైకప్పు మీద నడుస్తున్నావు" అనేది. అది రోజూ చెప్పే జోకే. రోజూ నవ్వేవాళ్లు.

ఆ సాయంత్రం నాన్న పని నుంచి వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా సంగతి విన్నాడు. ఆయన కోప్పడే మనిషి కాదు. కోప్పడినా బాగుండేదేమో.

"ఇష్టం లేదని ఒక్క మాట మాతో అంటే పోయేదిగా తల్లీ. దాచుకుని ఏం చేశావు? స్కూల్లో తీసేసేదానివా?"

"తియ్యలేదు నాన్నా."

"మరి ఆ వంకర ఎలా పెరిగింది?"

"నాకేం తెలుసు? నేను డాక్టర్నా?"

ఆ జవాబు విని తండ్రి చేతులు కడుక్కోవడానికి లేచాడు. తల్లికి మాత్రం మండింది. "చేసింది చాలక ఎదురు సమాధానమా" అంది. పిట్ట తన ముందున్న పళ్లెం ముట్టుకోకుండానే లేచింది. పడుకునేముందు బెల్టు పట్టీలు బిగిస్తున్న చప్పుడు పక్కగదిలోంచి వినిపించింది. అతుక్కునే పట్టీ లాగి, ఊడదీసి, మళ్లీ లాగిన చప్పుడు.

"ఇక అది అక్కర్లేదన్నారుగా" అంది తల్లి గుమ్మంలో నిలబడి.

"నాకు కావాలి."

మొండితనం ఎవరి మీద చూపిస్తోంది ఇది, అనుకుంది తల్లి. అనుకుని పక్క మీద వాలిందే గాని, కన్ను మూతపడలేదు. ఎక్కడ తీసేసేది? స్కూలు మెట్ల కిందా? బాత్రూములోనా? సంచిలో అంత పెద్ద డొల్ల ఎలా పట్టేది? ఒక్కొక్క ప్రశ్నకూ తానే ఒక జవాబు అల్లుకుంది, ఆ అల్లుకున్న ప్రతి జవాబులోనూ పిల్ల దొంగే అయింది.

తెల్లారాక ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. తొడిగిన బెల్టుకూ తొడగని బెల్టుకూ తేడా కనిపెట్టడం ఆమెకొక లెక్క కాదు. ఎంతమంది పిల్లల బెల్టులు తిప్పి చూసి, "ఏం బాబూ, దీన్ని మంచం కింద దాచావా?" అని పట్టుకుందో. సాక్ష్యం చేతిలోనే ఉంటే ఇక బుకాయింపేముంటుంది? పిట్ట స్నానానికి వెళ్లగానే బెల్టు తీసి పెద్ద సంచిలో పెట్టుకుంది.

"నా తాబేలేదీ?"

"పట్టీ ఊడింది. బాగుచేయించి తెస్తా" అంది తల్లి. ఆ ఇంట్లో ఆ ఏడాది ఎవరైనా అబద్ధమాడారంటే అదే మొదటిది.

*

బెల్టుల సెంటరు అంటే రెండు గదులు, వెనక ఒక షెడ్డు. ముందు గదిలో పిల్లల్ని ఒక చట్రం మధ్యన నిలబెట్టి స్కాన్ తీస్తారు. రెండో గదిలో ఆమె కంప్యూటరు. షెడ్డులో, ఆమె పంపిన ఆకారాన్ని బట్టి మిషను ఒక నురగ దిమ్మను మొండెంలా చెక్కుతుంది. వేడిచేసి మెత్తబరిచిన ప్లాస్టిక్ రేకును మౌల్డరు ఆ దిమ్మ మీద పరిచి, ఊపిరి బిగబట్టి, నాలుగు వైపులా లాగి అతికిస్తాడు. చల్లారాక కోసి, అంచులు సానబట్టి, పట్టీలు వేస్తాడు.

ఆమె ఇంతకుముందు స్కూటర్ల బాడీలు గీసే కంపెనీలో ఉండేది. అక్కడ అంతా నునుపుదే రాజ్యం. తెర మీది ఆకారం పైన నల్లచారలు, తెల్లచారలు పరిచి చూస్తారు. ఆ చారలు ఎక్కడా విరగకుండా, తడబడకుండా ఏటి నీరులా సాగిపోవాలి. విరిగిందంటే అక్కడ గతుకు ఉందన్నమాట. ఆ అలవాటు ఆమెతోపాటు ఇక్కడికీ వచ్చింది. మౌల్డరు ఆమెకు 'నునుపు మేడమ్' అని పేరు పెట్టాడు. ముఖం మీదే అనేవాడు, ఆమె కూడా మురిసేది.

ఇంకా ఎవరూ రాలేదు. బల్ల మీద దీపం వేసి బెల్టును తిరగేసింది.

పట్టీల నూగు పూర్తిగా చచ్చిపోయింది. నెలల తరబడి రోజూ తీసి బిగిస్తే తప్ప అలా చావదు. చంకల కింద అంచులు ఒంటి రాపిడికి గాజులా మెరుస్తున్నాయి. లోపలి మెత్త చెమటకు గోధుమరంగు తిరిగింది, ఒకచోట పిట్ట దాన్ని తానే సూదితో కుట్టుకుంది. వంకర కుట్లు, స్కూలు యూనిఫారం నీలం దారం. ఆమె ఆ కుట్ల మీద వేలు పెట్టింది.

పిల్ల పెట్టుకుంది. రాత్రీ పగలూ, చెప్పినట్టే పెట్టుకుంది.

ముందు ఎగిరి గంతేసినంత సంతోషం కలిగింది. అబద్ధమాడలేదు నా తల్లి! ఆ వెంటనే అసలు ప్రశ్న తట్టింది. మరైతే వంకర ఎలా పెరిగింది? రాత్రి పిట్ట నాన్న అడిగిన ప్రశ్నే. దీనికి పిల్ల జవాబు చెప్పలేదు, నిజమే. చెప్పాల్సింది ఎవరు?

ఇంతలో ముందు గదిలో అలికిడయింది. ఒకావిడ తన కూతుర్ని స్కాన్‌కు తీసుకొచ్చింది. ఏడెనిమిదేళ్ల పిల్ల, ముందు పళ్లు రెండూ లేవు. పిట్ట తల్లి బెల్టు పక్కన పెట్టి, లేచి వెళ్లి, పిల్లను చట్రంలో నిలబెట్టింది. "బొమ్మలా నిలబడు. ఊపిరి మాత్రం తీసుకోవచ్చు" అంది. పిల్ల కిసుక్కుమంది. స్కాన్ అయిపోయాక ఆ తల్లి చాటుగా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఇది చాలా సున్నితం. కాస్త మెత్తగా ఉండేట్టు చెయ్యండి. నొప్పికి తట్టుకోలేదు."

ఈ మాట వినని రోజు ఉండదు. దీనికి జవాబు కూడా ఆమె నాలుక చివరే ఉంటుంది. "నొక్కకపోతే అది బెల్టు కాదమ్మా, చొక్కా. ఎముక పక్కకు ఉబికిన చోట లోపల ఒక దిండులా ఎత్తు పెడతాం. అది నొక్కుతుంది. రెండో వైపు ఖాళీ వదులుతాం, వెన్ను అటు జరుగుతుంది. బెల్టు తీసినప్పుడు అక్కడ ఎర్రమచ్చ కనిపించాలి. ఆ ఎర్రమచ్చే మందు. అది లేదంటే..."

మాట అక్కడే ఆగిపోయింది.

"లేదంటే?" అంది ఆవిడ.

పిట్ట వీపు మీద ఎర్రమచ్చ చూసి ఎన్నాళ్లయింది? మొదటి బెల్టు అప్పుడు రోజూ ఉండేది. అది, ఇప్పుడు రిటైరైపోయిన సెంటరు పెద్దాయన చేసినది. పిట్ట దాన్ని పెట్టుకుని ఏడ్చేది. ఆమె ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. పిట్ట ఎదిగి అది చాలకపోతే, రెండోది తానే చేస్తానని ముచ్చటపడి చేసింది. ఆ తర్వాత మచ్చ లేదు. లేదని సంతోషించింది కూడా.

"లేదంటే పని చెయ్యనట్టు" అని ఎలాగో పూర్తిచేసి, వాళ్లను పంపించింది.

*

కంప్యూటరులో పిట్ట బెల్టు మూడు రూపాల్లో ఉంది. ఒకటి ఒంటి స్కాన్. రెండోది ఎత్తులూ ఖాళీలూ పెట్టిన ఆకారం. మూడోది షెడ్డుకు పంపినది. రెండోదాన్నీ మూడోదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. రెండూ కలిసిన చోటల్లా తెర ఆకుపచ్చగా ఉంది. నడుము పైన, నొక్కాల్సిన చోట మాత్రం, అరచెయ్యంత మేర ఎర్రగా వెలిగింది.

అక్కడ ఎత్తు లేదు. ఉండాల్సినంత పెట్టింది, రెండో రూపంలో చక్కగా ఉంది. మూడోదానికి వచ్చేసరికి అరిగిన సబ్బుబిళ్లలా అయింది.

ఎలా పోయిందో ఆమెకు తెలుసు. నునుపు చేసే కుంచె ఒకటి ఉంటుంది. దాన్ని తెర మీద ఒకసారి తిప్పితే మిట్ట కాస్త తగ్గుతుంది, పల్లం కాస్త పూడుతుంది. నొక్కే దిండు చుట్టూ చారలు విరుగుతాయి. విరగాలి, దాని పనే అది. ఆ విరుపు ఆమె కంటికి నలుసులా ఉండేది. ప్రతి పిల్ల బెల్టుకూ అంచులు కోసుకోకుండా కుంచె తిప్పుతుంది, కానీ తర్వాత ఎత్తును మళ్లీ కొలిచి, తగ్గినంతా తిరిగి పెంచుతుంది. అది నియమం. పిట్ట బెల్టుకు ఒకసారి తిప్పింది. ఎర్రమచ్చ గుర్తొచ్చి మరోసారి తిప్పింది. పిల్ల ఏడుపు గుర్తొచ్చి ఇంకోసారి. చారలు ఎంత హాయిగా సాగాయంటే, అలాగే చూస్తూ కూర్చుంది. ఆ రోజు స్కూలు నుంచి నేరుగా ఇక్కడికొచ్చిన పిట్ట, కుర్చీ వెనక నిలబడి, వంపును ఆడించే చుక్కల్ని చూసింది. "ఈ చుక్కలు గీతను ముట్టుకోకుండానే ఎటు కావాలంటే అటు లాగేస్తున్నాయే, అచ్చం నీలాగా" అని నవ్వింది.

కొలవలేదు. మరిచిపోయిందా? మరిచిపోయానని చెబితే ఎవరైనా నమ్ముతారు. కొలిస్తే ఎత్తు పెంచాల్సి వస్తుందని మనసులో ఏ మూలో తెలుసు. అందుకే కొలవలేదు. ఊళ్లోవాళ్ల పిల్లలకు మందు, తన పిల్లకు చొక్కా. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఆ ముద్దే పిల్ల వెన్ను విరిచింది.

మౌల్డరు టీ కప్పుతో లోపలికొచ్చి ఆమె ముఖం చూసి ఆగాడు. ఆమె తెర వైపు చూపించింది. ఆయన కప్పు బల్ల మీద పెట్టి తెర దగ్గరికి వంగాడు.

"రేకు పరుస్తున్నప్పుడే నాకూ అనిపించింది మేడమ్, ఇంత మెత్తగా ఉందేంటని. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని ఆ రోజు నేనే జోకేశాను, గుర్తుందా? కన్నతల్లి చేసింది, అడగడానికి నేనెవణ్ణి అనుకున్నా."

డాక్టరూ అలాగే అనుకున్నాడు. కొత్త బెల్టు పెట్టాక, పెట్టుకునే ఉండగా ఒక ఎక్స్‌రే తీసి చూడాలి. "మీ పిల్లకు మీరే చేశాక నేను చూసేదేముంది" అన్నాడు. పిల్లకు ఎక్స్‌రేలు తగ్గుతాయి కదా అని ఆమె కూడా సరేనంది.

ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది. ఏదీ దాచకుండా చెప్పింది.

"ఇప్పుడు మనం చేసేదేమీ లేదండీ. వంపు ముదిరింది. ఆపరేషన్ ఎలాగూ తప్పదు."

"తెలుసండి. పిల్ల తప్పు లేదని మీరొక్క మాట దానితో అనాలి."

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ? జరిగిందేదో జరిగింది. ఆపరేషన్ అయ్యాక దాన్ని లేపి కూర్చోబెట్టాల్సింది, ధైర్యం చెప్పాల్సింది మీరు. మీ మీద నమ్మకం పోతే పిల్ల ఎవర్ని పట్టుకుని లేస్తుంది? ఆలోచించండి."

మంచికే చెప్పాడాయన. తనకూ మంచిదే. నోరు మూసుకుంటే చాలు, అన్నీ నునుపుగా సాగిపోతాయి. పిల్ల మాత్రం జీవితాంతం, నా నడుము నేనే పాడుచేసుకున్నాననుకుంటుంది. కాదు, అలా కూడా అనుకోదు. తాను పెట్టుకున్నానని దానికి తెలుసు. చెప్పినా ఎవరూ నమ్మలేదనీ, కన్నతల్లి కూడా నమ్మలేదనీ అనుకుంటుంది.

ఆమె సంచిలో బెల్టు పెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

*

పిట్ట హాల్లో నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. ఒంటి మీద బెల్టు లేకపోవడంతో భుజాల ఎగుడుదిగుడు పలచని చొక్కాలోంచి తెలుస్తోంది. ఆమె చెప్పులు విప్పి పక్కనే నేల మీద కూర్చుంది.

"పట్టీ బాగైందా?" అంది పిట్ట తల ఎత్తకుండా.

"పట్టీకి ఏమీ కాలేదే. నువ్వు పెట్టుకున్నావో లేదో చూద్దామని పట్టుకెళ్లాను."

పెన్సిలు ఆగింది.

"పెట్టుకున్నావు" అంది తల్లి. "తప్పు నీది కాదు. నాది. నొక్కాల్సిన చోట నొక్కకుండా చేశాను. నీకు నొప్పి పుడుతుందని... అరగదీసేశాను. నువ్వు పెట్టుకున్నా అది పని చెయ్యలేదు."

పిట్ట లేచి కూర్చుంది. కళ్లు పెద్దవి చేసి చూసింది. తిడుతుందనుకుంది తల్లి, తిడితే బాగుండుననుకుంది.

"అయితే నేను అబద్ధం చెప్పలేదని తెలిసిందా?"

"తెలిసింది."

"నాన్నకి చెప్తావా?"

"రాగానే చెప్తాను. డాక్టరుకు చెప్పేశాను."

పిట్ట ముఖం ఒక్కసారి విప్పారింది. "హమ్మయ్య! అయితే ఆపరేషన్ ఉండదన్నమాట."

ఈ మాటకు ఆమె సిద్ధంగా లేదు. తప్పు లేదని తేలితే శిక్ష రద్దవుతుందనుకుంది పిల్ల. దానికి తెలిసిన న్యాయం అదే. తల్లి దాని మోకాలు పట్టుకుంది.

"ఉంటుందే తల్లీ. వంకర పెరిగిపోయిందిగా."

"కానీ నేను పెట్టుకున్నానుగా!"

"పెట్టుకున్నావు."

"మరి?"

అప్పుడు ఏడ్చింది పిట్ట. డాక్టరు గదిలో ఏడవలేదు, నాన్న అడిగినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు నోరంతా తెరిచి, చంటిపిల్లలా ఏడ్చింది. తల్లి దగ్గరికి తీసుకోబోతే ముందు తోసేసింది, తర్వాత తానే వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది.

"మా క్లాసులో అందరికీ చెప్పాను" అంది వెక్కుతూ. "అందరి బెల్టులూ నొప్పి పెడతాయి, నాది మా అమ్మ చేసింది కాబట్టి నొప్పి పెట్టదని."

ఆమె ఆ వీపు నిమురుతూ ఉండిపోయింది. ప్రతి ఎముకా చేతికి తగులుతోంది. ఎక్కడ పక్కకు తిరిగిందో, ఎక్కడ మళ్లీ వెనక్కొచ్చిందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

కాసేపటికి పిట్ట ముక్కు తుడుచుకుంది. "కడ్డీలు వేశాక వెనక్కి వంగలేను కదా?"

"లేవే."

పిల్ల లేచి హాలు మధ్యకు వెళ్లింది. చేతులు పైకెత్తి, మెల్లగా వెనక్కి వంగి, అరచేతులు నేలకు ఆనించింది. చొక్కా జారి వంకర పక్కటెముకలు బయటపడ్డాయి. తలకిందులైన ముఖంలో కన్నీళ్లు నుదుటి మీదికి పోతున్నాయి. పైకప్పు జోకు చెప్పలేదు. తల్లి కన్నార్పకుండా చూసింది. చేతులు వణికేదాకా పిట్ట అలాగే ఉంది, ఆమె లెమ్మనలేదు.

*

ఆసుపత్రిలో చేరే రోజు, దారిలోనే కదా అని తల్లీకూతుళ్లు సెంటరు దగ్గర ఆగారు. పళ్లు లేని చిన్నపిల్ల బెల్టు తయారైంది, తొడిగి చూడాలి. ఆ పని వేరేవాళ్లకు అప్పగించడానికి ఆమెకు మనసొప్పలేదు. పిట్ట ముందు గదిలో బల్ల మీద, ఆసుపత్రి సంచి పక్కన కూర్చుంది.

ఈ బెల్టు చేస్తున్నప్పుడు దిండు చుట్టూ చారలు కుక్క తోకలా వంకర తిరిగాయి. అంచుల వరకే కుంచె తిప్పింది. దిండు దగ్గరికి చెయ్యి తనంతట తాను పోబోతే వెనక్కి తీసుకుంది. కొలిచింది. మళ్లీ కొలిచింది.

బెల్టు బిగించగానే చిన్నపిల్ల గుక్కపట్టింది. దాని తల్లి ముఖం కందిపోయింది.

"అంత చెప్పాను మేడమ్, మెత్తగా చెయ్యమని. వదులు చెయ్యండి."

"ఇంకా ఒక గీత బిగించాలమ్మా."

"మీకు పిల్లల్లేరా? కడుపున పుట్టిన పిల్లయితే ఇలాగే బిగిస్తారా?"

ఆమె చేతులు పట్టీ మీదే ఆగిపోయాయి. మౌల్డరు షెడ్డు గుమ్మంలోంచి ఏదో అనబోయాడు. అంతకుముందే పిట్ట బల్ల మీంచి లేచింది. ఒక భుజం ఎత్తుగా, ఒక భుజం పల్లంగా నడిచొచ్చి, చిన్నపిల్ల ముందు నడుము వంచి, దాని ముఖానికి ముఖం సమంగా పెట్టింది.

"ఏడవకు. నొప్పి పెడితేనే మంచిది" అంది. "మా అమ్మ నాకు నొప్పి పెట్టకుండా చేసింది."

నిష్ఠూరంగా అనలేదు. చిన్నపిల్లకు ఊరటగా చెప్పింది, అంతే. చిన్నపిల్ల ఏడుపు ఆపి, ఆ ఎగుడుదిగుడు భుజాల వైపు చూసింది. దాని తల్లీ చూసింది. చూసి, పిట్ట తల్లి వైపు తిరిగి, తల దించుకుంది.

పిట్ట తల్లి పట్టీని ఇంకో గీత బిగించింది.